పడకా పనీ ఒకే చేతిలో ఉండకూడదు

ఆంధ్రప్రదేశ్ ఎన్నారై సాధికారత, సంబంధాల శాఖ మంత్రి శ్రీ కొండపల్లి శ్రీనివాస్ గారికి,



తుళ్లూరు నుంచి పైచదువులకు విదేశం వెళ్లే పిల్లలకు సలహాలిచ్చేవాళ్లకు కొదవ లేదు. గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ బెంజిసర్కిల్ దగ్గరో ఏదో ఒక కన్సల్టెన్సీ మెట్లెక్కితే చాలు. ఏ యూనివర్సిటీకి ఎంత స్కోరు కావాలో, బ్యాంకు బ్యాలెన్సు ఎంత చూపించాలో, కాన్సులేటు కిటికీ ముందు ఏ ప్రశ్నకు ఏం చెప్పాలో వల్లె వేయించి మరీ పంపిస్తారు. విమానం దిగాక ఎక్కడ ఉండాలి, ఎవరి దగ్గర పనికి కుదరాలి అనే రెండు విషయాలు మాత్రం ఎవరూ చెప్పరు. "అక్కడ మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, చూసుకుంటారులే" అనేసి ఊరుకుంటారు. పిల్లలు దెబ్బతింటున్నది ఈ రెండిటి దగ్గరే. మీ శాఖ చెయ్యదగ్గ పని కూడా ఇక్కడే ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పిల్లలు ఏ డబ్బుతో వెళ్తున్నారో ముందు చెప్పాలి. అమరావతి రాజధానికి భూములిచ్చినందుకు మెట్ట ఎకరాకు 30 వేలు, జరీబు ఎకరాకు 50 వేలు చొప్పున, ఏటా కొంత పెంచుతూ పదేళ్లు కౌలు ఇస్తామన్నారు. అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగిస్తామన్నారు. పత్తీ మిరపా పండిన చేలు పోయాక ఇంటికి మిగిలిన ఆస్తి ఆ ప్లాటు కాగితమే. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ఆ కాగితాన్ని కొనేవాడు లేకుండా పోయాడు. పెద్దలు నిరసన శిబిరాల్లో కూర్చున్న ఆ ఏళ్లలోనే చాలా ఇళ్లలో పిల్లల బీటెక్‌లు పూర్తయ్యాయి. అమ్ముదామంటే ధర లేదు, తాకట్టుకు పనికిరాదు, పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టలేరు. రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చి పంపినవాళ్లు ఎంతోమంది. 30 లక్షల మీద రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 60 వేలు. 2025 మే 2న ప్రధాని వచ్చి రాజధాని పనులు తిరిగి ప్రారంభించాక ప్లాట్లకు మళ్లీ బేరాలొచ్చాయి. కానీ అప్పటికి పెరిగిన వడ్డీ ఎక్కడికీ పోలేదు. భూమి లేని కూలీల ఇళ్ల నుంచి కూడా పిల్లలు వెళ్తున్నారండీ. వాళ్లకు అమ్ముకోవడానికి ప్లాటు కూడా లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంటి దగ్గర నెల తిరిగేసరికి వడ్డీ పడుతుందని తెలిసిన పిల్లవాడు అక్కడ దిగాక మంచీ చెడ్డా చూసుకోవడానికి ఆగలేడు. ఎవరు ముందు మంచం చూపిస్తే అక్కడ పడుకుంటాడు. ఎవరు ముందు పని ఇస్తామంటే అక్కడ చేరతాడు.

అమెరికా సంగతి తీసుకోండి. టెక్సస్‌లో డెంటన్, మిస్సోరీలో వారెన్స్‌బర్గ్ లాంటి యూనివర్సిటీ ఊళ్ల పేర్లు మా వీధుల్లో ఇప్పుడు అందరికీ తెలుసు. అలాంటి ఊళ్లో అపార్ట్‌మెంటు ఆఫీసుకు వెళ్తే మామూలుగా అడిగేవి అద్దెకు మూడింతల నెలసరి ఆదాయం, క్రెడిట్ స్కోరు, సోషల్ సెక్యూరిటీ నంబరు. కొత్తగా దిగిన విద్యార్థి దగ్గర ఈ మూడింట్లో ఒక్కటీ ఉండదు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లినవాడికి క్యాంపస్‌లో పని దొరికితే తప్ప మామూలుగా ఆ నంబరు రాదు. నంబరు లేకపోతే క్రెడిట్ చరిత్ర మొదలవడం కష్టం. అప్పుడు ఆఫీసువాళ్లు గ్యారంటీ సంతకం పెట్టే మనిషిని తెమ్మంటారు, లేదంటే అడ్వాన్సు ఎక్కువ కట్టమంటారు. ఆ రెండూ చెయ్యలేని పిల్లలు, ముందే ఉన్నవాళ్ల లీజులో ఒక మూల దొరికితే చాలనుకుంటారు.

ఆ మూలలో రెండు రకాల ప్రమాదం ఉంది. లీజులో పేరు లేకుండా ఉంటే, అసలు అద్దెదారు పొమ్మన్న రోజున పోవాల్సిందే. పోనీ పేరు ఎక్కించుకుంటే, అక్కడి లీజుల్లో చాలావాటికి ఒక షరతు ఉంటుంది. సంతకం పెట్టిన ప్రతివాళ్లూ మొత్తం అద్దెకు పూచీ. నలుగురిలో ఒకడు ఉద్యోగం వచ్చి వేరే రాష్ట్రం వెళ్లిపోతే అతని వాటా మిగతా ముగ్గురి నెత్తిన పడుతుంది. కట్టకపోతే బాకీ వసూలు సంస్థకు వెళ్తుంది, అప్పుడప్పుడే మొదలైన క్రెడిట్ చరిత్ర పాడవుతుంది, తర్వాత ఇల్లు దొరకడం ఇంకా కష్టమవుతుంది. ముప్ఫై పేజీల ఇంగ్లీషు కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమంటే, విమానం దిగి వారం కూడా కాని పిల్లవాడు అందులో ఏ పేజీ చదువుతాడు?

ఇక్కడి నుంచే గది బుక్ చేసుకోవాలని చూసేవాళ్లకు మరో మోసం కాచుకుని ఉంటుంది. ఫొటోలు బాగుంటాయి, అద్దె కాస్త తక్కువ చెబుతారు, ఇంటివాళ్లు వేరే దేశంలో ఉన్నామంటారు, అడ్వాన్సు పంపితే తాళంచెవి కొరియర్లో వస్తుందంటారు. డబ్బు వెళ్లాక అటునుంచి పలుకుండదు. ఇంటిని గానీ, ఇంటి తరఫున మాట్లాడే అసలు మనిషిని గానీ కళ్లతో చూడకుండా రూపాయి కూడా పంపకూడదని చెప్పేవాళ్లు ఒక్కరుంటే ఆ డబ్బు దక్కేది. చాలా యూనివర్సిటీల్లో భారతీయ విద్యార్థుల సంఘాలు కొత్తవాళ్లకు మొదటి వారమో పది రోజులో బస ఏర్పాటు చేస్తాయి. వెళ్లకముందే వాళ్లకు ఒక మెయిలు రాసి పెట్టుకుంటే చాలు. మా ఊళ్లో తల్లిదండ్రులకు ఆ సంగతే తెలియదు.

ఇక పని విషయం. చదువుకునే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు చెయ్యొచ్చు. అక్కడ ఉండే పనులు కొన్ని, చేసేవాళ్లు వందలమంది. దొరకనివాళ్లు పెట్రోలు బంకుల్లో, హోటలు వంటిళ్లలో చేతికి డబ్బిచ్చే పనికి పోతారు. అది చట్టవిరుద్ధమని వాళ్లకు తెలుసు, ఆ యజమానికీ తెలుసు. అందుకే సగం జీతం ఎగ్గొట్టినా ఆ పిల్లవాడు ఎవరికీ చెప్పుకోలేడు. 2025 ఏప్రిల్లో చిన్నాచితకా పోలీసు కేసులున్న విద్యార్థుల వీసా హోదా రికార్డులను కూడా అక్కడి ప్రభుత్వం వేల సంఖ్యలో రద్దు చేసింది. కోర్టుల్లో దావాలు పడ్డాక గానీ పునరుద్ధరించలేదు. అలాంటి కాలంలో నడుస్తున్నాం.

నా ఉత్తరానికి అసలు కారణం చదువయ్యాక వచ్చే దశ. పట్టా అందుకున్నవాళ్లకు ఓపీటీ కింద 12 నెలలు పనిచేసే అనుమతి ఉంటుంది. సైన్సు, ఇంజనీరింగు లాంటి చదువులకు ఇంకో 24 నెలలు పొడిగిస్తారు. అయితే మొదటి 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. లీజు అయిపోవస్తుంటుంది, చేతిలో డబ్బు ఉండదు, 90 రోజుల లెక్క నడుస్తుంటుంది. అప్పుడు ఫోను వస్తుంది. "మా గెస్ట్ హౌస్‌కి వచ్చేయ్. ఉండడానికి చోటిస్తాం, ట్రైనింగిస్తాం, రెజ్యూమే మేమే తయారుచేస్తాం, ప్రాజెక్టు దొరికేదాకా మార్కెటింగ్ చేస్తాం." అవతల మాట్లాడేది తెలుగే. కన్సల్టింగ్ కంపెనీలన్నీ చెడ్డవని నేను అనను. ఆ దారినే వెళ్లి స్థిరపడ్డవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. కానీ ఒక గదిలో ఆరేడుగురిని పడుకోబెట్టి, చెయ్యని ఉద్యోగానికి నాలుగైదేళ్ల అనుభవం రాసి, ఇంటర్వ్యూలో మరొకరి చేత మాట్లాడించి, దొరికిన జీతంలో పెద్ద వాటా కోసుకునే కంపెనీలు ఉన్నాయని ఆ చదువులు చదివిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. "నేను అబద్ధం చెప్పను" అన్న పిల్లవాణ్ణి మర్నాడే మంచం ఖాళీ చెయ్యమనొచ్చు. పని ఇచ్చేవాడే పడక కూడా ఇచ్చాడు కదా!

మంత్రిగారూ, ఇది మా ప్రాంతం వాళ్లకు అర్థంకాని విషయం కాదు. మిరప కోతల కాలంలో ఆలూరు, పత్తికొండ, ఎమ్మిగనూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు చేలకు వస్తాయి. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకొస్తాడు. చేను గట్టునే డేరాలు. కూలి లెక్కలో తేడా వస్తే ఎవరితో తగువు పడతారు? పడితే ఆ రాత్రి పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతారు? ఇప్పుడు రాజధాని పనులకు వస్తున్న బయటి రాష్ట్రాల కూలీలు కాంట్రాక్టరు వేసిన షెడ్లలోనే ఉంటున్నారు. వాళ్లకు వసతి చూపించాల్సిన బాధ్యత చట్టమే పని చేయించుకునేవాళ్ల మీద పెట్టింది, మంచిదే. కానీ షెడ్డుతో పాటు కూలివాడి నోరు కూడా కాంట్రాక్టరు చేతికే వెళ్తుంది.

మన పెద్దల వలసలన్నీ ఇలాగే జరిగాయి. కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి రంగూను వెళ్లిన తెలుగు కూలీలకు ఓడ ఖర్చు పెట్టిందీ, పని కుదిర్చిందీ, కిక్కిరిసిన బారకాసుల్లో చోటు చూపిందీ మేస్త్రీలే. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల బదులు బర్మా కూలీలను దించారు. సమ్మె తీరాక ఆ బర్మా వాళ్లను పంపేశారు. అక్కడ రేగిన గొడవల్లో మనవాళ్ల ప్రాణాలు పోయాయి. మలయా తోటల్లో లైన్ ఇళ్లు ఎస్టేటువి. పని మానితే ఇల్లూ వదలాల్సిందే. తోట దొర మీద ఫిర్యాదు చేసే ధైర్యం అలాంటి ఇంట్లో ఉన్నవాడికి ఎక్కణ్ణించి వస్తుంది?

అది పాత కథ అనుకోవడానికి లేదు. 2024 జూన్ 12న కేసరపల్లిలో మీరు మంత్రిగా ప్రమాణం చేసిన రోజు తెల్లవారుజామునే కువైట్‌లోని మంగాఫ్‌లో, ఒక కంపెనీ తన కార్మికులను ఉంచిన భవనం అంటుకుంది. 45 మంది భారతీయులు చనిపోయారు. అందులో ముగ్గురు మన రాష్ట్రం వాళ్లు. ఆ గదులు ఇరుకని వాళ్లకు తెలియదా? తెలిసి ఎక్కడికి పోతారు? మీరు ప్రమాణం చేసిన రోజూ ఈ దుఃఖం జరిగిన రోజూ ఒకటేనన్న సంగతి మీరు మర్చిపోరనే నమ్మకంతో గుర్తుచేస్తున్నాను.

చదువు పేరు మీద పని అనుమతి అమ్మే మోసాలు కూడా మన పిల్లల్నే ఎక్కువ పట్టుకున్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన విద్యార్థుల కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. దాన్ని నడిపింది అక్కడి ప్రభుత్వ అధికారులే, వలగా వేశారు. పట్టుబడ్డ విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. వాళ్లను చేర్పించిన దళారులూ చాలావరకు మనవాళ్లే. ఆ పిల్లలు తప్పు చెయ్యలేదని వాదించను. కానీ క్లాసులుండవు, మొదటిరోజు నుంచే పని చేసుకోవచ్చు అన్న మాట వాళ్లను ఎందుకు అంతగా లాగిందో అద్దె బాకీలూ వడ్డీ లెక్కలూ తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. రూమ్‌మేట్ కావాలి అనే ప్రకటనల్లో "తెలుగువాళ్లయితే మంచిది, వెజిటేరియన్ మాత్రమే" అని ఉంటుంది. ఫోను చేస్తే ఊరి పేరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు, తర్వాత నాన్నగారు ఏం చేస్తారని. ఆ మూడు ప్రశ్నలూ దేనికో మనందరికీ తెలుసు. మా ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అడిగే ప్రశ్నలే డాలస్ దాకా వెళ్లాయి. బంధువుల పిల్లలూ, కులం వాళ్ల వాట్సాప్ గ్రూపులూ ఉన్నవాడికి విమానాశ్రయానికి కారు వస్తుంది. కూలి ఇంటి నుంచి, మాలపల్లె నుంచీ మాదిగపల్లె నుంచీ వెళ్లినవాడికి ఆ ఫోన్లలో "గది నిండిపోయింది" అనే జవాబు వస్తుంది. గెస్ట్ హౌస్ వాడి ఫోను అందరికంటే ముందు పట్టుకునేది అతన్నే. అద్దె ఇళ్ల విషయంలో జాతి, రంగు, మతం చూడకూడదని అమెరికా 1968లోనే చట్టం చేసుకుంది. కులం మాట అందులో లేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు తిప్పి పంపారు. అక్కడి చట్టాలు మీ చేతిలో లేవు, నిజమే. కానీ మీ శాఖ పిలిస్తే వచ్చే తెలుగు సంఘాలు ఉన్నాయి. కులం అడగకుండా బస చూపించే ఇళ్ల జాబితా తయారుచెయ్యమని వాళ్లను బహిరంగంగా అడగండి. 1977 నుంచీ తానా ఉంది, తర్వాత ఆటా, నాట్స్ వచ్చాయి. ప్రమాదం జరిగినప్పుడు, ఎవరైనా చనిపోయినప్పుడు వాళ్లు పరుగెత్తుకొస్తారు, ఆ సాయాన్ని తక్కువ చెయ్యను. మొదటి నెల పడకకు కూడా అంతే శ్రద్ధ కావాలి.

అమెరికా ఒక్కటే కాదు కాబట్టి మిగతాచోట్ల అద్దెదారుకు ఉన్న రక్షణలు కూడా వెళ్లేవాళ్లకు తెలియాలి. కెనడాలో ఒంటారియోలో ఇంటివాళ్లు చివరి నెల అద్దె మాత్రమే ముందుగా తీసుకోవాలి, ఇల్లు పాడుచేస్తే అని వేరే డిపాజిట్ అడగడానికి వీల్లేదు. ఇంగ్లండ్‌లో డిపాజిట్ మామూలుగా అయిదు వారాల అద్దె దాటకూడదు, తీసుకున్న 30 రోజుల్లో గుర్తింపు ఉన్న పథకంలో జమచెయ్యాలి. ఆస్ట్రేలియాలో ఆ డబ్బు ప్రభుత్వ బాండ్ సంస్థ దగ్గర ఉంటుంది. జర్మనీలో మూడు నెలల అద్దెకు మించి అడగకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టొచ్చు. అక్కడ ఇల్లు మారిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటివాళ్ల ధ్రువపత్రం ఉండాలి. ఆ పత్రం ఇవ్వనన్నవాడి గది ఎంత చవకైనా తీసుకోకూడదు. ఇవన్నీ తెలుగులో నాలుగు పేజీలు అవుతాయి. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో, బ్యాంకు విద్యారుణాల బల్ల మీద, కాలేజీ నోటీసు బోర్డుల్లో పెట్టించడం ఎంత పని?

ఇక మీ చేతిలోనే ఉన్న విషయానికి వస్తాను. కువైట్‌కు తాపీమేస్త్రీని పంపే ఏజెంటు 1983 నాటి వలస చట్టం కింద కేంద్రం దగ్గర లైసెన్సు తీసుకోవాలి. కార్మికుడి దగ్గర 30 వేల రూపాయలు, దానిమీద పన్ను తప్ప వసూలు చెయ్యకూడదు. ఇంజనీరింగు చదివిన పిల్లవాణ్ణి టెక్సస్ పంపే కన్సల్టెన్సీకి ఆ చట్టం వర్తించదు. యూనివర్సిటీ నుంచి కమీషనెంత, తల్లిదండ్రుల దగ్గర ఫీజెంత అని అడిగేవాళ్లు లేరు. పంజాబ్ 2012లోనే చట్టం చేసి, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ సెంటర్లతో సహా అందరినీ లైసెన్సు కిందికి తెచ్చింది. అక్కడ మోసాలు ఆగిపోయాయని చెప్పను. కానీ లైసెన్సు లేనివాడి మీద కేసు పెట్టడానికి పోలీసులకు ఒక చట్టం ఉంది. మన రాష్ట్రానికీ అలాంటి చట్టం తెండి. అందులో ఒక్క షరతు గట్టిగా రాయండి: పిల్లవాణ్ణి పంపే కన్సల్టెన్సీ, దాని భాగస్వాములు, ఆ పిల్లవాడికి అక్కడ వసతి గానీ ఉద్యోగం గానీ అమ్మకూడదు. ఇక్కడ సీటు ఇప్పించి, అక్కడ గెస్ట్ హౌస్‌లో పెట్టి, తర్వాత జీతంలో వాటా తీసుకునే దారి మొదట్లోనే మూసెయ్యండి.

ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్నార్టీ సొసైటీకి 24 గంటల హెల్ప్‌లైన్ ఉంది. గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్లను తీసుకురావడంలో, మృతదేహాలను ఇంటికి చేర్చడంలో అది చేస్తున్న పనిని ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. ఆ నంబరుకే ఇంకో పని అప్పజెప్పండి. సంతకం పెట్టకముందు లీజు ఫొటో పంపితే చదివి, ఏ షరతు ప్రమాదమో తెలుగులో చెప్పేవాళ్లను పెట్టండి. ఆఫర్ లెటరు పంపితే ఆ కంపెనీ నిజమైనదో కాదో చూసి చెప్పాలి. హెచ్-1బి వీసా మీద ఉన్న ఉద్యోగికి ప్రాజెక్టు లేని రోజుల్లో కూడా జీతం ఇవ్వాలన్నది అమెరికా చట్టం. ఈ ఒక్క ముక్క తెలియక బెంచి మీద నెలల తరబడి జీతం లేకుండా కూర్చున్నవాళ్లు ఉన్నారు. ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలో కూడా ఆ నంబరే చెప్పాలి. గల్ఫ్ వెళ్లే కార్మికులకు విదేశాంగ శాఖ బయల్దేరేముందు శిక్షణ ఇస్తోంది, విద్యార్థులకూ అలాంటిది పెట్టాలి.

రాయపూడి దగ్గర ప్రవాసాంధ్రుల కోసం ఐకాన్ టవర్‌కు 2018లో శంకుస్థాపన చేశారు. విదేశాల్లో స్థిరపడ్డవాళ్లు ఇక్కడ ఇల్లు కొనుక్కోవాలని ప్రభుత్వం కోరుకోవడం మాకు సంతోషమే. వాళ్ల పెట్టుబడితో ఈ ఊళ్లు బాగుపడతాయి. ఆ ఇల్లు కొనడానికి వచ్చే ప్రతి ప్రవాసాంధ్రుణ్ణీ మీ శాఖ ఇంకోమాట కూడా అడగాలి: తమ ఊరికి దగ్గర్లో చదువుకోవడానికి వచ్చే మన పిల్లల్లో ఒకరికి లీజు మీద గ్యారంటీ సంతకం పెట్టగలరా అని. డబ్బివ్వమని కాదు. బాధ్యత తీసుకున్న మనిషి ఒకరు లీజు మీద ఉంటే ఆ పిల్లవాడికి గెస్ట్ హౌస్ అవసరం రాదు.

చట్టం రావడానికి సమయం పడుతుంది, ఆ సంగతి తెలుసు. స్ప్రింగ్ సెమిస్టరుకు వెళ్లేవాళ్లు డిసెంబరు చివర్లో విమానమెక్కుతారు, వాళ్లు అంతదాకా ఆగరు. అందుకని నవంబరులో ఒక ఆదివారం తుళ్లూరుకు మీ అధికారిని ఒకరిని పంపించండి. వెలగపూడి సచివాలయం నుంచి మా ఊరు దగ్గరే. లీజు చదివి చెప్పగల లాయరును ఒకరిని, ఓపీటీ మీద ఉన్న మన పిల్లల్ని ఇద్దరిని వీడియోలో కూర్చోబెట్టండి. హాలూ కుర్చీలూ మేం చూసుకుంటాం. తల్లిదండ్రులను కూడా పిలుస్తాం, అప్పు తెచ్చేది వాళ్లు కాబట్టి. వెళ్లేవాళ్ల పేర్లూ, చేరే యూనివర్సిటీలూ, బస కుదిరిందో లేదో రాసి ముందుగానే మీ కార్యాలయానికి అందజేస్తాం.

ఇట్లు,
తుళ్లూరు వాసి